చిన్న సి లైబ్రరీ లైనక్స్ దాటి విండోస్, మాక్‌లలో కూడా నడవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

చిరుజల్లు · ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. సుమారు 3,000 లైన్ల చిన్న సి లైబ్రరీ ఒకటి రాశాను. ఒక కీ, దానికో విలువ. అన్నీ డిస్కు మీద ఒకే ఫైల్లో దాస్తుంది. నిఘంటువు యాప్ కోసం మొదలుపెట్టాను కాబట్టి కీలన్నీ తెలుగు మాటలే, అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఉంటాయి. లైనక్స్‌లో రెండేళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది.

ఈమధ్య ఇద్దరు వాడుకుంటామన్నారు. ఒకరిది విండోస్, ఇంకొకరిది మాక్. రెండు రోజుల పని అనుకుని కూర్చుంటే మూడు వారాలు పట్టింది, ఇంకా అవ్వలేదు. కోడులో ఇప్పుడు 43 ఇఫ్‌డెఫ్‌లు (ఏ సిస్టమ్‌లో ఏ లైన్లు కంపైల్ కావాలో చెప్పేవి) ఉన్నాయి. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట తెగుతోంది. విండోస్‌లో కంపైల్ అవుతుంది, కానీ లైనక్స్‌లో తయారైన ఫైలును చదవలేదు. డీబగ్ బిల్డు అయితే మొదటి తెలుగు కీ దగ్గరే తప్పు జరిగిందని చెప్పే అసర్షన్ బాక్సు వచ్చి ఆగిపోతుంది. మాక్‌లో మాత్రం టెస్టులన్నీ పాసవుతున్నాయి.

కోడు చూస్తే నాకే భయంగా ఉంది. ఇదంతా ఎక్కడి నుంచి విప్పుకురావాలో చెప్పండి.

---

పాతకాపు · ఆదివారం, రాత్రి 9:50

ఇఫ్‌డెఫ్‌ల సంగతి తర్వాత చూద్దాం. ముందు రెండు చూపించండి: ఫైలు మొదట్లో హెడర్ ఎలా రాస్తున్నారు, కీ అటూ ఇటూ ఉన్న ఖాళీలు ఎలా తీసేస్తున్నారు.

---

చిరుజల్లు · ఆదివారం, రాత్రి 10:05

హెడర్‌కి ఒక స్ట్రక్ట్ ఉంది. 4 బైట్ల గుర్తు, ఒక లాంగ్ (మొత్తం ఎన్ని రికార్డులో), ఒక ఇంట్ (ఫ్లాగ్‌లు). ఆ స్ట్రక్ట్‌ను ఎఫ్‌రైట్‌తో ఉన్నది ఉన్నట్టు ఫైల్లోకి దింపుతాను, చదివేటప్పుడు ఎఫ్‌రీడ్. ఖాళీ అవునో కాదో చెప్పే ఈజ్‌స్పేస్ ఫంక్షన్ పెట్టి, చివరి నుంచి ఒక్కో క్యారెక్టర్ వెనక్కి వస్తాను.

---

పాతకాపు · ఆదివారం, రాత్రి 10:48

మీ రెండు సమస్యలూ ఇక్కడే ఉన్నాయి. ఈ రెంటికీ ఇఫ్‌డెఫ్ అక్కర్లేదు.

మొదటిది హెడర్. 64-బిట్ లైనక్స్‌లో, మాక్‌లో లాంగ్ అంటే 8 బైట్లు. 64-బిట్ విండోస్‌లో పాయింటర్ 8 బైట్లే అయినా లాంగ్ 4 బైట్లే. ఇప్పుడు మీ స్ట్రక్ట్‌ను కాగితం మీద వేసి చూడండి. లైనక్స్‌లో గుర్తుకు 4, ఆ తర్వాత లాంగ్‌ను 8 హద్దు మీద కూర్చోబెట్టడానికి కంపైలర్ వదిలిన ఖాళీ 4, లాంగ్ 8, ఇంట్ 4, చివర మళ్లీ ఖాళీ 4. మొత్తం 24. విండోస్‌లో 4, 4, 4. మొత్తం 12. సగం హెడర్ చదివి, మిగతా సగాన్ని మొదటి రికార్డు అనుకుంటోంది మీ లైబ్రరీ. చదవలేకపోవడం మీ అదృష్టం. చదవగలిగి తప్పు విలువ ఇచ్చి ఉంటే కనిపెట్టడానికి ఇంకో మూడు వారాలు పట్టేది.

స్ట్రక్ట్‌ను ఎప్పుడూ నేరుగా ఫైల్లోకి దింపకండి. ఫైలు ఎలా ఉండాలో మీరే నిర్ణయించాలి, ఆ నిర్ణయం కంపైలర్‌కి వదిలేయకూడదు. రికార్డుల సంఖ్య 8 బైట్లు, చిన్న బైటు ముందు అని ఒకచోట రాసి పెట్టుకోండి. తర్వాత రెండు చిన్న ఫంక్షన్లు: ఒకటి 64-బిట్ సంఖ్యను తీసుకుని 8 బిట్ల చొప్పున షిఫ్ట్ చేస్తూ 8 బైట్లుగా బఫర్‌లో పేరుస్తుంది, ఇంకొకటి ఆ బైట్లను మళ్లీ సంఖ్యగా కూడుతుంది. ఇలా రాస్తే ఎండియన్ (మెషిన్ ఏ బైటు ముందు పెడుతుందనే) గొడవ కూడా అందులోనే తీరిపోతుంది, ఏ మెషిన్ అని అడిగే పనే ఉండదు. ఒక్క జాగ్రత్త: షిఫ్ట్ చేసే ముందు ప్రతి బైటునూ సైన్ లేని 64-బిట్ టైపులోకి మార్చండి. అలా మార్చకపోతే అది ఇంట్‌గా మారి, 24 బిట్లు జరిపేసరికి సైన్ బిట్‌లోకి దూరుతుంది.

రెండోది ఈజ్‌స్పేస్. దానికి 0 నుంచి 255 వరకు విలువ గానీ, ఈఓఎఫ్ (ఫైలు అయిపోయిందనే గుర్తు) గానీ ఇవ్వాలి. అంతకు మించి ఏమిచ్చినా ఫలితానికి హామీ లేదని సి ప్రమాణంలోనే ఉంది. ప్రతి తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో 224తో మొదలవుతుంది. ఎక్స్86 ప్రాసెసర్ల మీద చార్‌కు సైన్ ఉంటుంది కాబట్టి ఆ 224 కాస్తా మైనస్ 32 అయి కూర్చుంటుంది. లైనక్స్ సి లైబ్రరీ గ్లిబ్‌సి తన పట్టికలో మైనస్ విలువలకు కూడా చోటు పెట్టుకుంది కాబట్టి లైనక్స్‌లో మీకు ఏమీ కనిపించలేదు. విండోస్ డీబగ్ రన్‌టైమ్ మాత్రం ఆపి అడుగుతోంది. తప్పు విండోస్‌ది కాదు, రెండేళ్లుగా మీ కోడులోనే ఉంది. ప్రస్తుతానికి అన్‌సైన్డ్ (సైన్ లేని) చార్‌కి కాస్ట్ చేసి, అంటే ఆ టైపులోకి మార్చి పిలవండి.

---

తూనీగ · ఆదివారం, రాత్రి 11:20

చార్ గురించి ఒక మాట. ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న లైనక్స్‌లో చార్ మామూలుగా సైన్ లేనిది. యాపిల్ వాళ్ల ఆర్మ్ మెషిన్లలో సైన్ ఉన్నది. ఆర్మ్ బోర్డు చేతిలో లేకపోయినా ఫర్వాలేదు, జీసీసీ కంపైలర్‌కి ఎఫ్-అన్‌సైన్డ్-చార్ ఫ్లాగ్ ఇచ్చి మీ ల్యాప్‌టాప్‌లోనే టెస్టులు ఒకసారి నడపండి. అయిదు నిమిషాల పని.

---

వెన్నెలబాట · సోమవారం, ఉదయం 7:35

ఇంత కష్టం ఎందుకండీ? విండోస్‌లో సిగ్విన్ పెట్టుకుంటే పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) ఫంక్షన్లన్నీ దొరుకుతాయి, లాంగ్ కూడా 8 బైట్లే. మీ కోడు దాదాపు ఉన్నది ఉన్నట్టు కంపైల్ అవుతుంది.

---

పాతకాపు · సోమవారం, ఉదయం 8:10

వెన్నెలబాట గారూ, మీరు చెప్పింది ప్రోగ్రాముకు సరిపోతుంది. ఇది లైబ్రరీ. దీన్ని లింక్ చేసుకునే వాళ్లు మైక్రోసాఫ్ట్ కంపైలర్ ఎంఎస్‌వీసీతో కడుతుంటే, వాళ్ల యాప్ వెంట సిగ్విన్ డీఎల్ఎల్ (నడిచేటప్పుడు కావాల్సిన లైబ్రరీ ఫైలు) కూడా పంపాల్సి వస్తుంది. ఫైళ్ల కోసం రాసిన 3,000 లైన్ల కోడుకి ఎవరూ అందుకు ఒప్పుకోరు.

---

ఎర్రకలం · సోమవారం, మధ్యాహ్నం 1:15

మీ రిపాజిటరీ చూశాను. 43 ఇఫ్‌డెఫ్‌లనూ ఒక్కొక్కటిగా లెక్క వేశాను. 19 ఫైళ్లకు సంబంధించినవి, 11 ఎర్రర్ కోడులవి, 6 ప్రింట్ఎఫ్ ఫార్మాట్లవి, మిగతావి హెడర్ ఫైళ్లవి. అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌తో మీ లైబ్రరీకి నిజంగా పని పడేది ఫైళ్ల దగ్గర ఒక్కచోటే. మిగతా 24 అక్కడి నుంచి కారినవే.

నేనైతే ఇలా చేస్తాను. లైబ్రరీకి బయటి ప్రపంచం నుంచి ఏం కావాలో కాగితం మీద రాస్తే ఆరు తేలాయి: పేరు ఇస్తే ఫైలు తెరవడం, ఫలానా చోటు నుంచి ఇన్ని బైట్లు చదవడం, ఫలానా చోట రాయడం, రాసింది డిస్కు దాకా దించడం, పాత ఫైలు స్థానంలో కొత్తది పెట్టడం, మూసేయడం. ఈ ఆరింటికీ మీ సొంత పేర్లతో ఒక లోపలి హెడర్ రాయండి. దాని వెనుక రెండు సి ఫైళ్లు: ఒకటి పోసిక్స్, ఒకటి విండోస్. ఏది కంపైల్ కావాలో బిల్డు ఎంచుకుంటుంది. విండోస్ హెడర్‌ను ఆ ఒక్క ఫైల్లోనే ఇంక్లూడ్ చేయండి. ఇప్పుడు మీరు దాన్ని పబ్లిక్ హెడర్‌లో పెట్టారు. అది మిన్, మ్యాక్స్ అనే మాక్రోలను కూడా వెంట తెస్తుంది, వాడుకునే వాళ్ల కోడులో అవే పేర్లుంటే మీ లైబ్రరీ వల్ల వాళ్ల బిల్డు విరిగిపోతుంది.

ఎర్రర్‌లకు కూడా అంతే. పోసిక్స్ ఎర్నో ఒకవైపు, విండోస్ గెట్‌లాస్ట్‌ఎర్రర్ ఒకవైపు లైబ్రరీ నిండా తిరగనివ్వొద్దు. ఆ రెండు ఫైళ్లలోనే వాటిని మీ సొంత కోడులుగా మార్చి పైకి పంపండి: దొరకలేదు, అనుమతి లేదు, చోటు లేదు, ఇంకేదో. పైనున్న వాళ్లకు నాలుగైదు చాలు.

మెషిన్‌ను పరీక్షించి బిల్డు అమర్చే ఆటోకాన్ఫ్ పెట్టమని ఎవరైనా అంటారేమో, రెండు వెనుక ఫైళ్లున్న లైబ్రరీకి అంత పరికరం అక్కర్లేదని నా అభిప్రాయం. తీసుకెళ్లి వాళ్ల ప్రాజెక్టులో పడేస్తే కంపైల్ అయ్యే లైబ్రరీని అందరూ ఇష్టపడతారు.

---

వెన్నెలబాట · సోమవారం, సాయంత్రం 6:40

పొద్దున చెప్పింది వెనక్కి తీసుకుంటున్నాను, ఎర్రకలం గారి పద్ధతే మంచిది. నా రోజువారీ పని విండోస్‌లోనే కాబట్టి ఆ వెనుక ఫైల్లో ఏమేం రావాలో చెప్తాను.

తెరవడం: మామూలు ఎఫ్‌ఓపెన్‌కు యూటీఎఫ్-8 పేరు ఇస్తే విండోస్ దాన్ని ఆ మెషిన్ కోడ్ పేజీ ప్రకారం చదువుకుంటుంది. తెలుగు పేరున్న ఫోల్డర్ ఉంటే తెరుచుకోదు. విండోస్ 10లో యాప్ మానిఫెస్ట్ ద్వారా యూటీఎఫ్-8 పెట్టుకునే వీలు వచ్చింది కానీ, అది యాప్ వాళ్లు చేయాల్సిన పని, లైబ్రరీ చేతిలో ఉండదు. కాబట్టి పేరును మల్టీబైట్‌టువైడ్‌చార్‌తో యూటీఎఫ్-16లోకి మార్చి, క్రియేట్‌ఫైల్ వైడ్ రూపాన్ని పిలవండి. అలా తెరిస్తే ఇంకో లాభం: టెక్స్ట్ మోడ్ గొడవ ఉండదు. ఎఫ్‌ఓపెన్‌లో బైనరీ అని చెప్పే బి మర్చిపోతే 10 అనే ప్రతి బైటు ముందు 13 వచ్చి చేరుతుంది, చదివేటప్పుడు 26 అనే బైటు తగిలితే ఫైలు అయిపోయిందనుకుంటుంది.

చోటు: ఎఫ్‌టెల్ లాంగ్ ఇస్తుంది. విండోస్‌లో అది 2,147,483,647 దాటి లెక్కపెట్టలేదు, అంటే 2 జీబీ. రీడ్‌ఫైల్‌కు ఓవర్‌ల్యాప్డ్ స్ట్రక్ట్‌లో 64-బిట్ ఆఫ్‌సెట్ ఇచ్చి చదవండి, పోసిక్స్‌లో ప్రీడ్ చేసే పని దాదాపు ఇదే. తేడా ఒక్కటే, విండోస్‌లో ఫైల్ పాయింటర్ కూడా కదులుతుంది. ప్రతిసారీ ఆఫ్‌సెట్ మీరే ఇస్తారు కాబట్టి దాని మీద ఆధారపడకుండా ఉంటే చాలు.

మార్పిడి: ఇక్కడ ఎక్కువ మంది దెబ్బతింటారు. కొత్త విలువలన్నీ తాత్కాలిక ఫైల్లో రాసి, చివర రీనేమ్‌తో పాతదాని మీద పెట్టడం లైనక్స్ అలవాటు. విండోస్ సి రన్‌టైమ్‌లో రీనేమ్ ఆ పేరుతో ఫైలు ముందే ఉంటే విఫలమవుతుంది. పాతది డిలీట్ చేసి తర్వాత రీనేమ్ చేద్దాం అనిపిస్తుంది, దయచేసి చేయకండి. ఆ రెంటి మధ్య కరెంటు పోతే వాడేవాళ్ల చేతిలో పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. మూవ్‌ఫైల్‌ఎక్స్ వైడ్ రూపం, ఉన్నదాన్ని మార్చేయమనే ఫ్లాగుతో పిలవండి. అది కూడా ఎవరైనా ఆ ఫైలును తెరిచి ఉంచితే విఫలం కావచ్చు. యాంటీవైరస్ ఒక్క క్షణం పట్టుకున్నా అంతే. నేను కొన్ని మిల్లీసెకన్లు ఆగి నాలుగైదు సార్లు ప్రయత్నించి, అప్పటికీ కాకపోతేనే ఎర్రర్ ఇస్తాను.

ఇంకొకటి. మీ గెట్ ఫంక్షన్ మాలోక్ చేసిన (హీప్ మెమరీలో చోటు తీసుకున్న) స్ట్రింగ్ ఇచ్చి, వాడినవాళ్లనే ఫ్రీ చేయమంటోంది. డీఎల్ఎల్ ఒక రన్‌టైమ్‌తో, యాప్ ఇంకో రన్‌టైమ్‌తో కట్టి ఉంటే ఒకదాని హీప్‌లో ఉన్నదాన్ని ఇంకొకటి విడిపించబోయి క్రాష్ అవుతుంది. మీ లైబ్రరీలోనే విడిపించే ఫంక్షన్ ఒకటి పెట్టండి.

---

చిరుజల్లు · మంగళవారం, రాత్రి 11:30

చాలా థ్యాంక్సండీ అందరికీ. హెడర్ మార్చాను, కాస్ట్ పెట్టాను. విండోస్ అసర్షన్ పోయింది. లైనక్స్ ఫైలు విండోస్‌లో తెరుచుకుంది! పాత 24 బైట్ల ఫైళ్లు ఉన్నవాళ్ల కోసం గుర్తులో చివరి బైటు మార్చాను, పాత గుర్తు కనిపిస్తే పాత పద్ధతిలో చదివి, తర్వాతిసారి రాసేటప్పుడు కొత్త పద్ధతిలో రాస్తుంది.

కానీ కాస్ట్ పెట్టాక మాక్ వాడే ఆయన దగ్గర కొత్త సమస్య మొదలైంది. నేను లైనక్స్‌లో చేసిన నిఘంటువు ఫైలే ఆయనకు పంపాను. అక్షరాల పేజీల్లో అన్నీ తెరుచుకుంటున్నాయి గానీ అ, ఠ, ౠ మాత్రం దొరకడం లేదట. ఆ, ట, ఋ బాగానే ఉన్నాయి. నిఘంటువులో మొదటి అక్షరమే లేకపోతే ఎలా? చాలా టెన్షన్‌గా ఉంది.

---

గవ్వలు · బుధవారం, ఉదయం 6:20

నేను మాక్ మీదే పని చేస్తాను. ఆ మూడు అక్షరాల బైట్లు రాసి చూశాను.

అ: 224, 176, 133
ఠ: 224, 176, 160
ౠ: 224, 177, 160

చివరి బైటు చూడండి. 133, 160. పాత లాటిన్-1 పట్టికలో 160 అంటే విడదీయకూడని ఖాళీ, 133 అంటే తర్వాతి లైను అనే కంట్రోల్ కోడు. యాప్ యూటీఎఫ్-8 లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగు) పెట్టుకున్నప్పుడు మాక్‌లో ఈజ్‌స్పేస్ ఈ రెండు బైట్లనూ ఖాళీ అనే చెప్పడం చూశాను. మీ ట్రిమ్ చివరి నుంచి వస్తూ 'అ'లో మూడో బైటును ఖాళీ అనుకుని కోసేస్తోంది. మిగిలిన రెండు బైట్లు ఏ అక్షరమూ కాదు, కాబట్టి ఫైల్లో ఉన్న అసలు కీతో కలవదు. కాస్ట్ లేనప్పుడు ఆ విలువ మైనస్‌లో ఉండేది కాబట్టి మాక్ దాన్ని ఖాళీగా లెక్కపెట్టలేదు. టెస్టుల్లో లొకేల్ సెట్ చేయడం లేదు కాబట్టి అవి పాసయ్యాయి.

కాస్ట్ సరైనదే. ఈజ్‌స్పేస్‌ను వాడటమే ఇక్కడ తప్పు. అది లొకేల్‌ను బట్టి మారుతుంది, పైగా ఒక్క బైటును చూసి చెప్తుంది. మన అక్షరమేమో మూడు బైట్లు.

---

పాతకాపు · బుధవారం, ఉదయం 7:05

గవ్వలు గారూ, భలే పట్టుకున్నారు. కాస్ట్ చాలన్నది నేనే, ఆ సలహా అసంపూర్ణం.

చిరుజల్లు గారూ, సొంతంగా రెండు లైన్ల ఫంక్షన్ రాయండి: 32, 9, 10, 13 అయితే ఖాళీ, లేకపోతే కాదు. యూటీఎఫ్-8లో 128 కన్నా తక్కువ బైటు ఏ తెలుగు అక్షరం మధ్యలోనూ రాదు కాబట్టి ఇది ఎక్కడా పొరపాటు పడదు. అదే చేత్తో స్ట్రింగ్ నుంచి దశాంశం చదివే స్ట్రిటాడ్ ఎక్కడైనా ఉందేమో వెతకండి. కొన్ని లొకేల్‌లలో అది చుక్కకు బదులు కామా కోసం చూస్తుంది. లొకేల్ యాప్‌ది. ఫైలు ఫార్మాట్ దాన్ని పట్టించుకోకూడదు.

---

గవ్వలు · బుధవారం, ఉదయం 7:30

మాక్ విషయంలో ఇంకో రెండు.

ఫైలు పేర్లు. పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కు పేర్లను విడగొట్టి దాస్తుంది. యూనికోడ్ ప్రకారం 'ై' గుర్తు విడిపోయే రకం, 'ె'కు కింద 'ౖ' చేర్చినట్టు. తైలం అని 12 బైట్ల పేరుతో ఫైలు చేస్తే, డైరెక్టరీ చదివినప్పుడు 15 బైట్లు వస్తాయి. చూడ్డానికి ఒకటే, స్ట్ర్‌కంప్ మాత్రం వేరు అంటుంది. కొత్త ఏపీఎఫ్‌ఎస్ ఇచ్చిన పేరును అలాగే ఉంచుతుంది. మీరు ఫోల్డర్ తిరగేసి పేర్లు పోల్చే పని పెట్టుకోకపోతే చాలు.

డిస్కుకు దించడం. మాక్‌లో ఎఫ్‌సింక్ డేటాను డ్రైవ్‌కు అందిస్తుంది కానీ, డ్రైవ్ తన లోపలి క్యాష్ నుంచి నిజంగా రాసేదాకా ఆగదు. అందుకు ఎఫ్‌కంట్రోల్‌ను ఎఫ్_ఫుల్‌ఎఫ్‌సింక్‌తో పిలవాలి. యాపిల్ అయితే అని రాయకుండా, ఆ మాక్రో ఉంటే వాడు, లేకపోతే ఎఫ్‌సింక్ అని రాయండి.

---

ఎర్రకలం · బుధవారం, మధ్యాహ్నం 2:10

ఇక్కడ ఒక గుంట ఉంది. చిరుజల్లు గారి పోసిక్స్ ఫైలు మొదటి లైన్లో పోసిక్స్ సోర్స్ మాక్రో 200809 అని ఉంది. లైనక్స్‌లో సి99 కఠిన మోడ్‌లో ప్రీడ్ కనిపించడానికి అది అవసరమే. కానీ మాక్‌లో అది ఉంటే సిస్టమ్ హెడర్లు పోసిక్స్‌లో లేనివన్నీ దాచేస్తాయి. ఎఫ్_ఫుల్‌ఎఫ్‌సింక్ కూడా అందులో పోతుంది. మీ ఇఫ్‌డెఫ్ అబద్ధమవుతుంది, ఎర్రరూ రాదు, వార్నింగూ రాదు, నిశ్శబ్దంగా మామూలు ఎఫ్‌సింక్ నడుస్తుంది. దానితో పాటు డార్విన్ సి సోర్స్ మాక్రో కూడా డిఫైన్ చేయండి. రెండూ మొదటి ఇంక్లూడ్ కన్నా ముందే ఉండాలి.

---

తూనీగ · బుధవారం, రాత్రి 8:45

స్టాక్ (ఫంక్షన్ల లోకల్ వేరియబుల్స్ ఉండే మెమరీ) కూడా చూసుకోండి. కంపాక్ట్ ఫంక్షన్లో 256 కేబీ లోకల్ బఫర్ ఉంది. గ్లిబ్‌సి థ్రెడ్‌కు మామూలుగా 8 ఎంబీ దొరుకుతుంది కాబట్టి నడిచింది. మజిల్ సి లైబ్రరీలో థ్రెడ్ స్టాక్ డిఫాల్ట్ 128 కేబీ మాత్రమే, అడుగు పెట్టగానే క్రాష్. మాక్‌లో పక్క థ్రెడ్లకు 512 కేబీ. మాలోక్‌లోకి మార్చేయండి.

పెద్ద బైటు ముందుండే మెషిన్ మీద టెస్టు చేయాలంటే క్యూఎము ఎమ్యులేటర్ యూజర్ మోడ్‌లో ఎస్390ఎక్స్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్) బిల్డు నడపండి, మెషిన్ కొనక్కర్లేదు.

---

వెన్నెలబాట · గురువారం, ఉదయం 9:00

టెస్టులకు వాడే నమూనా ఫైళ్లను గిట్ అట్రిబ్యూట్స్‌లో బైనరీ అని గుర్తు పెట్టండి. లేకపోతే విండోస్‌లో గిట్ వాటిని టెక్స్ట్ అనుకుని లైను చివరలు మార్చేసే అవకాశం ఉంది. లైబ్రరీలో లేని తప్పు కోసం ఒక రోజంతా వెతుకుతారు. నాకు జరిగింది.

---

చిరుజల్లు · శనివారం, రాత్రి 10:20

అన్నీ చేశాను. వరసగా చెప్తాను.

ఇఫ్‌డెఫ్‌లు 43 నుంచి 3కి వచ్చాయి. ఒకటి పబ్లిక్ హెడర్లో డీఎల్ఎల్ ఎగుమతి కోసం, ఒకటి అదే హెడర్లో సి ప్లస్ ప్లస్ వాళ్ల కోసం, మూడోది ఫుల్‌ఎఫ్‌సింక్ దగ్గర. పోసిక్స్ వెనుక ఫైలు 140 లైన్లు, విండోస్‌ది 210. ప్రింట్ఎఫ్ ఫార్మాట్ల ఆరూ ఎలా పోయాయంటే, లైబ్రరీ లోపల ప్రింట్ఎఫ్ ఉండాల్సిన అవసరమే లేదని చూసేసరికి తెలిసింది. అవి నా డీబగ్ ప్రింట్లు. తీసేశాను.

ఒకటి నేను అనుకోనిది. ఆ ఆరు ఫంక్షన్లు విడిగా పెట్టాక, మూడో వెనుక ఫైలు ఒకటి టెస్టుల కోసం రాశాను. అది డిస్కు ముట్టుకోదు, అంతా మెమరీలోనే. ఫలానా రాత దగ్గర చోటు లేదు అని ఎర్రర్ ఇవ్వమని దానికి చెప్పొచ్చు. ఒకటో రాత దగ్గర, రెండో రాత దగ్గర, అలా చివరిదాకా విఫలం చేస్తూ పోతే, రికార్డు మధ్యలో ఆగినప్పుడు సంఖ్య ముందే పెంచేసే తప్పు ఒకటి బయటపడింది. ఇది లైనక్స్‌లో రెండేళ్లుగా ఉన్నదే.

ఎస్390ఎక్స్‌లో టెస్టులు పాసయ్యాయి. అన్‌సైన్డ్ చార్‌తో కూడా. అ, ఠ, ౠ మూడూ లొకేల్ సెట్ చేసే టెస్టులో చేర్చాను, మాక్ ఆయన దగ్గర కూడా దొరుకుతున్నాయి.

---

గవ్వలు · శనివారం, రాత్రి 10:55

చాలా సంతోషం. డార్విన్ మాక్రో పెట్టాక మాక్‌లో తేడా ఏమైనా కనిపించిందా?

---

చిరుజల్లు · శనివారం, రాత్రి 11:05

కనిపించిందండీ. మార్పిడి టెస్టు ముందు కన్నుమూసి తెరిచేలోగా అయిపోయేది. ఇప్పుడు ఆగి ఆగి నడుస్తోందని ఆయన ఫోన్ చేసి మరీ చెప్పారు. రాసింది ఇప్పుడు డిస్కు దాకా వెళ్తోందని ఆయనకు చెప్పాను.